తిరిగే బ్లేడు, తిరిగే కెమెరా: గగనతలంలో ప్రొపెల్లర్ విరూపణ మాపనం

ప్రొపెల్లర్ విమానంలో కిటికీ పక్కన కూర్చున్న ప్రయాణికుడు సెల్‌ఫోన్‌తో తీసిన ఫొటోలో బ్లేడ్లు తరచు కొడవళ్ళలా వంగి కనిపిస్తాయి. ఒక్కోసారి ఇరుసు నుంచి ఊడి గాలిలో తేలుతున్నట్లు కూడా ఉంటాయి. ఆ వంపు నిజం కాదు. సెల్‌ఫోన్ కెమెరా సాధారణంగా దృశ్యాన్ని ఒక్కసారిగా గ్రహించక వరుస తరువాత వరుసగా చదువుతుంది. మొదటి వరుసకూ చివరి వరుసకూ మధ్య బ్లేడు చోటు మారుతుంది. వేర్వేరు క్షణాలు ఒకే చిత్రంలో కలిసిపోవడం వల్ల కలిగిన భ్రాంతి అది. అయితే ఎగిరే విమానంలో బ్లేడు నిజంగానే వంగుతుంది, మెలి తిరుగుతుంది. కంటికి ఆనని ఆ స్వల్ప మార్పును కొలవడానికి కూడా కెమెరానే సాధనం కావడం గమనార్హం.

బలప్రయోగం వల్ల వస్తువు ఆకారంలో కలిగే మార్పును భౌతికశాస్త్ర పాఠ్యగ్రంథాలు ‘విరూపణ’ అంటాయి. ‘వైకల్యం’ అనే మాట ఇక్కడ పొసగదు. పనిచేస్తున్న బ్లేడుకు విరూపణ లోపం కాదు, స్వభావం. ప్రొపెల్లర్ బ్లేడు నిజానికి గుండ్రంగా తిరిగే రెక్క. మొదట్లో దాని వేగం తక్కువ, కొసన చాలా ఎక్కువ. అందుకే పొడవునా గాలిని తగిన కోణంలో కోసేలా తయారీలోనే దానికి మెలి పెడతారు. ఎగిరేటప్పుడు విమానాన్ని లాగే బలం బ్లేడును ముందుకు వంచుతుంది. అపకేంద్ర బలం దానిని బయటికి లాగి వంపును తగ్గించబోతుంది, మెలిని కొంత విప్పబోతుంది. కాబట్టి కార్ఖానాలో రూపొందిన ఆకారం ఒకటి, ఆకాశంలో పనిచేసే ఆకారం మరొకటి. బ్లేడు గాలికి ఎదురుపడే కోణమే కొద్ది డిగ్రీలు. అందులో ఒక్క డిగ్రీ తేడా వచ్చినా లాగే బలం గణనీయంగా మారుతుంది.

ఇంతకన్నా తీవ్రమైన సమస్య మరొకటి ఉంది. విమానం ముక్కు ఎత్తి పైకి ఎగబాకేటప్పుడు గాలి ప్రొపెల్లర్‌కు ఏటవాలుగా తగులుతుంది. అప్పుడు కిందికి దిగే బ్లేడుపై భారం పెరుగుతుంది, పైకి లేచే బ్లేడుపై తగ్గుతుంది. నిమిషానికి 2,700 చుట్లు తిరిగే ప్రొపెల్లర్‌లో ప్రతి బ్లేడూ సెకనుకు 45 సార్లు ఈ హెచ్చుతగ్గులకు లోనవుతుంది. తీగను అటూ ఇటూ వంచగా వంచగా తెగినట్లు, ఇటువంటి భారం పగులుకు దారితీయగలదు. గాలిలో బ్లేడు విరిగితే ప్రమాదం ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు.

బ్లేడుపై స్ట్రెయిన్ గేజీలు అతికించి వికృతిని కొలవడం పాత పద్ధతి. అది నమ్మదగినదే గాని, గేజీ ఉన్న చోటి సంగతి మాత్రమే చెబుతుంది. మొత్తం ఆకారాన్ని లెక్కల ద్వారా ఊహించుకోవాలి. కెమెరా పద్ధతిలో బ్లేడుపై క్రమం లేని చుక్కల నమూనాను అంటిస్తారు. చుక్కలు క్రమం లేకుండా ఉండటంలోనే కిటుకు ఉంది: ఏ చిన్న భాగాన్ని తీసుకున్నా దాని అమరిక మరో భాగానికి ఉండదు, కాబట్టి కంప్యూటర్ దానిని వేలిముద్రలా గుర్తుపడుతుంది. రెండు కెమెరాలు రెండు కోణాల నుంచి తీసిన చిత్రాలలో ఒకే భాగాన్ని పట్టుకుంటే, మన రెండు కళ్ళు దూరాన్ని పసిగట్టినట్లే, త్రిమితీయ స్థానం తెలుస్తుంది. ఇటువంటి చిత్ర సహసంబంధ పద్ధతులకు 1980వ దశకం ఆరంభంలో అమెరికాలోని సౌత్ కరొలైనా విశ్వవిద్యాలయంలో పునాది పడింది. జర్మనీ అంతరిక్ష పరిశోధన సంస్థ డీఎల్ఆర్‌కు చెందిన గోటింగెన్ శాస్త్రజ్ఞులు ఈ విధానాన్ని ఎగిరే విమానాలకు అనువుగా మలిచారు.

ఇక కెమెరాను ఎక్కడ అమర్చాలన్నదే చిక్కు. విమానం దేహానికి బిగిస్తే బ్లేడు రెప్పపాటులో దాటిపోతుంది. మీటరు పొడవున్న బ్లేడు నిమిషానికి 2,700 చుట్లు తిరిగితే దాని కొస వేగం సెకనుకు సుమారు 283 మీటర్లు. సెకనులో వెయ్యో వంతు కాలం షట్టర్ తెరిచినా కొస 28 సెంటీమీటర్లు జరిగిపోతుంది. మైక్రోసెకను మెరుపు కాంతి వాడితే ఆ జరుగుడు మిల్లీమీటరులో మూడో వంతుకు లోపే ఉంటుంది. కాని పట్టపగటి వెలుగులో అంత క్షణికమైన మెరుపు ఆనడం కష్టం. పైగా బ్లేడు చుట్టులో ఒక స్థానం దగ్గరే చూపుకు అందుతుంది.

ఐరోపా సమాఖ్య సహాయంతో 2010లో మొదలైన రెండవ ‘ఎయిమ్’ ప్రాజెక్టులో దీనికి ఎదురు ఆలోచన చేశారు: కెమెరానే ప్రొపెల్లర్‌తో పాటు తిప్పడం. చెక్ దేశపు ఎవెక్టర్ సంస్థ తయారుచేసిన వీయూటీ 100 కోబ్రా అనే చిన్న విమానంలో, ప్రొపెల్లర్ ఇరుసు ముందు జంట కెమెరాల పరికరాన్ని బిగించి, నేలపైనా గాలిలోనూ పరీక్షించారు. బ్లేడుతో పాటు తిరిగే కెమెరాకు బ్లేడు దాదాపు నిశ్చలం. చుట్టూ లోకమే తిరుగుతుంది. చుట్టులోని ఏ స్థానంలోనైనా ఆ బ్లేడునే చూడవచ్చు.

ఈ సౌలభ్యానికి మూల్యం పెద్దదే. ఇరుసు నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో, పైన చెప్పిన వేగంతో తిరిగే వస్తువుపై గురుత్వానికి సుమారు 800 రెట్ల బలం పడుతుంది. 100 గ్రాముల భాగం 80 కిలోల బరువై బయటికి లాగుతుంది. లెన్సు వెంట్రుకవాసి కదిలినా ఆ కదలిక బ్లేడు విరూపణగా లెక్కకెక్కే ప్రమాదం ఉంది. పరికరం సమతూకం తప్పితే ఇంజన్‌కే ముప్పు. సూర్యకాంతి కూడా చుట్టు చుట్టుకూ దిశ మార్చుకుంటూ చుక్కలను ఒకసారి వెలిగించి, మరోసారి నీడలో ముంచుతుంది.

కొలతను చదవడంలో మరో జాగ్రత్త కావాలి. చాలా ప్రొపెల్లర్లలో అవసరాన్ని బట్టి బ్లేడు మొదలంటా తిరిగి కోణం మార్చుకుంటుంది. అది యంత్రం చేసిన మార్పే గాని విరూపణ కాదు. అందుకే దాదాపు వంగని మొదటి భాగపు చుక్కలను ఆధారంగా తీసుకొని, ఆ కోణాన్ని మొత్తం కొలత నుంచి తీసివేస్తారు. మిగిలినదే బ్లేడు తనంతట తాను వంగిన వంపు, తిరిగిన మెలి.