గేర్‌బాక్స్ నూనెకు కిలోమీటర్ల లెక్క చాలదు

శ్రీశైలం డ్యామ్ గేట్లు ఎత్తారంటే ఘాట్ రోడ్డు మీద కార్లు బారులు తీరుతాయి. ఎత్తు మీద బండి వెనక్కి జారకుండా ఆటోమేటిక్ కారు నడిపేవాళ్లు కొందరు బ్రేకు తొక్కరు. యాక్సిలరేటర్ మీద కాలు కాస్త ఆనించి బండిని ఉన్నచోటే నిలబెడతారు. క్లచ్ పెడల్ లేదు, ఇంజన్ ఆగిపోతుందన్న బెంగ లేదు, హాయిగానే ఉంటుంది. గేర్‌బాక్స్‌లోని నూనెకు మాత్రం హైవే మీద సాఫీగా సాగే పరుగు కన్నా ఈ నిలకడే భారం. ఆ నూనె ఎంతకాలం మన్నుతుందో చెప్పాలంటే బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో తెలిస్తే సరిపోదు, ఎంత వేడి భరించిందో కూడా తెలియాలి. ఆ వేడిలో పెద్ద వాటా డ్రైవరు కాలి కిందే పుడుతుంది.

సంప్రదాయ ఆటోమేటిక్‌లో ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఇంజన్ తిప్పే రెక్కల చక్రం నూనెను విసురుతుంది, ఆ నూనె గేర్‌బాక్స్ వైపున్న చక్రాన్ని తోస్తుంది. రెండు చక్రాల వేగాల్లో తేడా పెరిగేకొద్దీ ఎక్కువ శక్తి వృథా అయి వేడిగా మారుతుంది. బండి కదలకుండా ఉంటే రెండో చక్రం అసలు తిరగదు కాబట్టి, కన్వర్టర్‌కు అందిన శక్తి అంతా నూనెను కాచడానికే పోతుంది. నిండా జనం ఎక్కిన కారును ఎత్తు మీద అలా నిలపడానికి మూడు కిలోవాట్లు ఖర్చవుతున్నాయనుకుందాం. ఆరు లీటర్ల నూనె బరువు సుమారు ఐదు కిలోలు, దాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి పది కిలోజౌళ్లు చాలు. అంటే నిమిషానికి 18 డిగ్రీలు. చుట్టూ ఉన్న లోహం కొంత పీల్చుకుంటుంది, కూలర్ కొంత లాగేస్తుంది, కాబట్టి నిజంగా పెరిగేది ఇంతకన్నా తక్కువే. కానీ గుంతలో ఇరుక్కుని కదలని బండిని యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి పైకి తేబోతే 20 కిలోవాట్లు కూడా ఇలాగే కరిగిపోతాయి. అప్పుడు లెక్క సెకనుకు రెండు డిగ్రీలు. ఈ జారుడును తగ్గించడానికే 1949లో అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ తన అల్ట్రామాటిక్ గేర్‌బాక్స్‌లో రెండు చక్రాలనూ కలిపి బిగించే లాకప్ క్లచ్ పెట్టింది. ఇప్పటి బండ్లలో అది మామూలే. అయినా ఆగి ఆగి కదిలే ట్రాఫిక్‌లో అది ఎక్కువసేపు పట్టి ఉండలేదు.

సాధారణంగా ఈ నూనె 80 నుంచి 95 డిగ్రీల మధ్య పనిచేస్తుంది. ఆపైన ప్రతి పది డిగ్రీలకూ దాని ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఇంజనీర్లు మోటుగా లెక్కేస్తారు. ఆక్సీకరణ ముదిరితే వాల్వుల మీద జిగురు పొర పేరుకుంటుంది, రబ్బరు సీళ్లు గట్టిపడతాయి, లోపలి క్లచ్ ప్లేట్లు జారడం మొదలుపెడతాయి. ఆ జారుడు మళ్లీ వేడి పుట్టిస్తుంది. ‘ఈ నూనె జీవితాంతం మార్చనక్కర్లేదని కంపెనీయే చెప్పింది కదా’ అనేవాళ్లున్నారు. నేటి సింథటిక్ నూనెలు వేడిని బాగా తట్టుకుంటాయి, నిజమే. ఒకప్పుడు ఈ నూనెలో తిమింగలం కొవ్వు కలిపేవారంటే ఎంత దూరం వచ్చామో తెలుస్తుంది. అయితే ఆ హామీ మామూలు వాడకానికి వర్తించేది. చాలా మాన్యువళ్లలో కఠిన వాడకం అని విడిగా ఒక భాగం ఉంటుంది. ఎండ, కొండ దారులు, ఆగి ఆగి సాగే ట్రాఫిక్ అందులోకే వస్తాయి. మే నెలలో అమీర్‌పేట నుంచి గచ్చిబౌలికి రోజూ వెళ్లొచ్చే కారు మామూలు వాడకంలో ఉందని ఎవరంటారు?

అలాగని పెద్ద అదనపు కూలర్ బిగించేస్తే సరిపోదు. నూనె మరీ చల్లగా ఉంటే చిక్కగా కదులుతుంది, లాకప్ ఆలస్యంగా పడుతుంది. చాలా కార్లలో ఈ నూనె గొట్టాలు రేడియేటర్‌లోంచి వెళ్తాయి. పొద్దున కూలెంట్ ముందుగా వేడెక్కి నూనెను వెచ్చబరుస్తుంది, తర్వాత అదే దాని వేడి తీస్తుంది. కనుక రేడియేటర్‌ను చూసుకోవడమంటే గేర్‌బాక్స్‌ను చూసుకోవడమే. రెక్కల్లో దుమ్మూ పురుగులూ నిండినా, ఫ్యాన్ సరిగా తిరగకపోయినా దెబ్బ రెండింటికీ తగులుతుంది. రేడియేటర్ లోపల చిల్లు పడి కూలెంట్ నూనెలో కలిస్తే గేర్‌బాక్స్‌లో గులాబీరంగు నురగ తేలుతుంది, క్లచ్ ప్లేట్ల పూత ఊడిపోతుంది. బరువులు లాగే బండికి, నిత్యం ఘాట్ ఎక్కే ట్యాక్సీకి థర్మోస్టాట్ ఉన్న అదనపు కూలర్ పెట్టుకోవడం సబబే.

మన దగ్గర 2014లో సెలేరియో కారుతో వచ్చిన ఏఎంటీ, అంటే క్లచ్‌నూ గేర్లనూ యంత్రమే మార్చే మాన్యువల్ గేర్‌బాక్స్, వేరే రకం. దానికి టార్క్ కన్వర్టర్ లేదు, కాబట్టి అందులో కాగే నూనే లేదు. ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో నిలబెడితే మాడిపోయేది నేరుగా క్లచ్ ప్లేటే. కాబట్టి ఏ ఆటోమేటిక్‌కైనా చేయాల్సింది ఒకటే: ఆగినప్పుడు బ్రేకు తొక్కాలి, ఆటో హోల్డ్ ఉంటే వాడాలి. కన్వర్టర్ ఉన్న బండి నిదానంగా ఎత్తు ఎక్కుతుంటే చిన్న గేరు ఎంచుకోవాలి. దాంతో కన్వర్టర్‌లో జారుడు తగ్గుతుంది. గేర్‌బాక్స్ వేడెక్కిందని డాష్‌బోర్డు హెచ్చరిస్తే బండిని పక్కకు తీసి పార్కింగ్‌లో పెట్టి, మాన్యువల్ వేరుగా చెప్పకపోతే ఇంజన్‌ను కాసేపు ఐడిల్‌లో నడవనివ్వాలి. చాలామంది కంగారులో తాళం తిప్పేస్తారు. కానీ నూనెను కూలర్‌కు పంపే పంపు ఇంజన్‌తోనే తిరుగుతుంది. ఇంజన్ ఆగితే కాగిన నూనె ఎక్కడున్నది అక్కడే ఉండిపోతుంది.