ఆంగ్లంలో విచారం తెలిపే వాక్యం

మిత్రుని తండ్రి మరణించిన వార్త ఆలస్యంగా తెలిసి మనం ఆంగ్లంలో లేఖ వ్రాయబోతాము. "ఇఫ్ ఐ వుడ్ హావ్ నోన్" అని కలం సాగుతుంది. వ్రాతలో ఇది దోషం. ఉర్దూలో "అగర్ మాలూమ్ హోతా తో జరూర్ ఆతా" అన్నప్పుడు రెండు క్రియలదీ ఒకే రూపం. ఆ అలవాటే 'వుడ్'ను రెండు చోట్లా నిలుపుతుంది కాబోలు. "తెలిసి ఉంటే వచ్చేవాణ్ణి" అనే తెలుగువారికి ఈ సాకు లేదు! ఆంగ్లంలోనూ రూపాలు వేరే: "ఇఫ్ ఐ హాడ్ నోన్, ఐ వుడ్ హావ్ కమ్."

క్షమాపణ సంగతి వేరు. "ఇఫ్ ఐ హర్ట్ యూ, ఐ యామ్ సారీ" వ్యాకరణరీత్యా నిర్దుష్టమే. కాని నొప్పించామో లేదోనన్న సందేహం 'ఇఫ్'లో మిగిలిపోతుంది. తప్పు మనదేనని తెలిసినప్పుడు దానిని తొలగించి "ఐ యామ్ సారీ దట్ ఐ హర్ట్ యూ" అని వ్రాయాలి.