మోటారు బీమా - ఇంజను మార్పులు

బీమా అనే పదం ఉర్దూలోను, తెలుగులోను ఒకే రూపంలో, ఒకే అర్థంలో వ్యవహారంలో ఉన్నది. ఒకరికి వచ్చిన నష్టాన్ని అనేకులు పంచుకోవడమే దానిలోని అంతరార్థం. వేలాది వాహనదారులు ఏటేటా చెల్లించే ప్రీమియం ఒక నిధిగా ఏర్పడుతుంది. ప్రమాదానికి గురి అయిన కొద్దిమందికి ఆ నిధి నుండి పరిహారం లభిస్తుంది. ఏ వాహనం వల్ల ఈ నిధిపై ఎంత భారం పడగలదో అంచనా వేసి, దానికి తగిన ప్రీమియం నిర్ణయించడం బీమా సంస్థ పని. ఆ అంచనాకు ఆధారం వాహన యజమాని ఇచ్చే సమాచారమే.

ఇటీవల యువకులలో కారు ఇంజను శక్తిని పెంచుకోవాలన్న ఉత్సాహం అధికమవుతున్నది. మెకానిక్కుతో గంటల కొద్దీ చర్చించే వారికి సైతం, ఆ మార్పును బీమా సంస్థకు తెలియజేయాలన్న ఆలోచన సామాన్యంగా కలగదు. తెలియజేయకపోతే కలిగే ఫలితాలేమిటి, తెలియజేసే పద్ధతి ఏమిటి అనే విషయాలను ఈ వ్యాసంలో సంగ్రహంగా పరిశీలిద్దాం.

పరమ విశ్వాస సూత్రం

సామాన్యమైన క్రయవిక్రయాలలో వస్తువు కళ్ళయెదుట ఉంటుంది. కొనేవాడు దానిని పరీక్షించి కొనుక్కుంటాడు. బీమా ఒప్పందం అట్టిది కాదు. వాహనం సంగతి యజమానికి సమస్తం తెలుసు. సంస్థకు మాత్రం అతడు చెప్పినంత వరకే తెలుసు. అందుచేతనే ఈ ఒప్పందానికి పరమ విశ్వాసం పునాది కావాలని న్యాయశాస్త్రం విధించింది.

ఈ సూత్రాన్ని 1766లో ఇంగ్లండులో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ అనే న్యాయమూర్తి స్పష్టంగా ప్రతిపాదించాడు. సుమత్రా దీవిలోని మార్ల్‌బరో కోటకు గవర్నరుగా ఉండిన జార్జి కార్టర్, ఆ కోట శత్రువుల వశమైతే తనకు పరిహారం లభించేట్లు బీమా చేయించుకున్నాడు. 1760లో ఫ్రెంచివారు కోటను పట్టుకున్నారు. కోట బలహీనతను కార్టర్ తనకు చెప్పలేదని బీమాదారుడు వాదించాడు. ఒక పక్షానికి మాత్రమే తెలిసిన ముఖ్య విషయాన్ని దాచి రెండవ పక్షాన్ని ఒప్పందంలోకి దింపడం తగదని మాన్స్‌ఫీల్డ్ ప్రకటించాడు. అయితే బీమాదారునికి తెలిసిన విషయాలను, అతడు తెలుసుకొని ఉండవలసిన విషయాలను ప్రత్యేకంగా చెప్పనక్కరలేదని కూడ అదే సందర్భంలో వివరించాడు. చివరకు ఆ వ్యాజ్యంలో జయం కార్టరుకే కలిగింది. కావున ఈ సూత్రం బీమా సంస్థల చేతిలో ఆయుధం మాత్రమే కాదు. ఉభయ పక్షాలకూ వర్తించే ధర్మం.

ప్రీమియం ఎంత ఉండాలో, అసలు బీమా ఇవ్వవచ్చునో లేదో తేల్చుకోవడానికి సంస్థకు అవసరమైన ప్రతి విషయమూ ముఖ్య విషయమే. ఇంజనులో చేసిన మార్పు అట్టిదేనా అన్నది ఇక మన ప్రశ్న.

శక్తి పెరిగితే మారేదేమిటి?

ఇంజను శక్తిని పెంచే పద్ధతులు అనేకం ఉన్నవి. నేటి కార్లలో ఇంజనుకు ఎంత ఇంధనం అందాలో, ఏ క్షణంలో అది మండాలో ఒక చిన్న కంప్యూటరు నిర్ణయిస్తుంది. దానిలోని లెక్కలను మార్చడాన్ని రీమ్యాపింగ్ అంటారు. టర్బో ఉన్న ఇంజనులో గాలి పీడనాన్ని కూడ ఈ విధంగా పెంచవచ్చు. పైకి ఏ మార్పూ కనిపించదు గనుక, ఎవరికీ తెలియదనే భ్రమ కలిగేది ఎక్కువగా ఇక్కడనే. గాలి ఫిల్టరును, సైలెన్సరును మార్చడం మరొక పద్ధతి. టర్బో లేని ఇంజనుకు టర్బో అమర్చడం, సిలిండర్లను తొలిపించి వెడల్పు చేయడం, ఏకంగా ఇంజనునే మార్చివేయడం ఇంకా పెద్ద మార్పులు.

చిన్న మార్పు అనుకున్నది ఎంత దూరం పోతుందో ఒక లెక్క వేసి చూద్దాం. నాలుగు సిలిండర్ల ఇంజనులో ఒక్కొక్క సిలిండరు వ్యాసం 75 మిల్లీమీటర్లు, పిస్టను కదిలే దూరం 80 మిల్లీమీటర్లు అనుకొందాం. ఇంజను మొత్తం ఘనపరిమాణం సుమారు 1414 సి.సి. అవుతుంది. వ్యాసాన్ని 3 మిల్లీమీటర్లు పెంచి 78 చేస్తే, అది సుమారు 1529 సి.సి. అవుతుంది. మన దేశంలో కార్ల థర్డ్ పార్టీ ప్రీమియం 1000 సి.సి. వరకు, 1000 నుండి 1500 వరకు, 1500 పైన అని మూడు తరగతులుగా నిర్ణయమవుతున్నది. 2022 జూన్ 1 నుండి అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం రెండవ తరగతికి ఏటా 3,416 రూపాయలు, మూడవ తరగతికి 7,897 రూపాయలు. అనగా 3 మిల్లీమీటర్ల తేడా కారు తరగతినే మార్చివేసింది.

ఘనపరిమాణం మారకుండ శక్తి మాత్రమే పెరిగినా ప్రమాద భారం పెరుగుతుంది. కదిలే వస్తువు గతిశక్తి దాని వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని భౌతికశాస్త్రంలో చదువుకున్నాం. గంటకు 60 కిలోమీటర్ల వేగం 90కి పెరిగితే వేగం ఒకటిన్నర రెట్లే అయినా, బ్రేకులు హరించవలసిన శక్తి రెండుంబావు రెట్లవుతుంది. బ్రేకులు, క్లచ్చి, గేరుబాక్సు, టైర్లు మాత్రం పాత ఇంజను శక్తికి తగినట్లు తయారైనవే. కావున ఇంజను మార్పు నిస్సందేహంగా ముఖ్య విషయమే.

చట్టం ఏమంటున్నది?

మన దేశంలో ఇక్కడ మరొక చిక్కు ఉన్నది. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం, ఆర్.సి.లోని వివరాలు తయారీదారుడు నిర్దేశించిన వివరాలకు భిన్నమయ్యే విధంగా వాహనాన్ని మార్చడం తగదు. సి.ఎన్.జి., ఎల్.పి.జి., బ్యాటరీ వంటి వేరొక ఇంధనంతో నడిచేటందుకు ఆమోదం పొందిన కిట్టు అమర్చుకోవడానికి మాత్రం నిబంధనలకు లోబడి అనుమతి ఉన్నది. తయారీదారుని నిర్దేశాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో కేరళకు సంబంధించిన ఒక కేసులో స్పష్టం చేసింది. అదే సంవత్సరం చేసిన చట్టసవరణ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలుశిక్ష గాని, ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు.

కనుక బీమా సంస్థకు చెప్పినంత మాత్రాన చట్టవిరుద్ధమైన మార్పు చట్టబద్ధం కాదు. ఈ కారణం చేతనే, మార్పు చేసిన తర్వాత చెప్పడం కాదు, చేయకముందే అడగడం సరియైన మార్గం.

దాచినందువల్ల కలిగే నష్టం

దాచిన మార్పు సామాన్యంగా బయటపడేది ప్రమాదం జరిగిన తర్వాతనే. పెద్ద నష్టం జరిగినప్పుడు సర్వేయరు వాహనాన్ని పరిశీలిస్తాడు. అమర్చిన భాగాలు అతని కంటికి కనిపిస్తాయి. కంప్యూటరులోని మార్పులను గుర్తించే పరికరాలు కూడ ఉన్నవి. అప్పుడు సొంత కారుకు రావలసిన పరిహారం చిక్కులో పడుతుంది. వ్యవస్థీకృత పందేలలోను, వేగ పరీక్షలలోను జరిగిన నష్టానికి సామాన్య మోటారు పాలసీ అసలే వర్తించదు.

ఇంతకంటె తీవ్రమైనది ఎదుటివారి సంగతి. రోడ్డుపై వెళ్ళే పాదచారికి గాని, ఆటోలోని ప్రయాణికునికి గాని ప్రాణహాని కలిగితే, పరిహారాన్ని ట్రిబ్యునలు నిర్ణయిస్తుంది. ముఖ్య విషయాన్ని దాచి పాలసీ పొందారనే వాదనను బీమా సంస్థ ట్రిబ్యునలు ఎదుట లేవదీయడానికి చట్టంలోని 150వ సెక్షను అవకాశమిస్తున్నది. ఆ వాదన నెగ్గితే లక్షలాది రూపాయల భారం యజమానిపై పడవచ్చు. కారు సామాన్యంగా తండ్రి పేరనో, అన్న పేరనో ఉంటుంది. కుమారుని సరదాకు తండ్రి సంపాదన, ఇల్లు ఆహుతి కావడమే గాక, ఆధారాన్ని కోల్పోయిన ఆ ఎదుటి కుటుంబానికి కూడ పరిహారం సకాలంలో అందని పరిస్థితి ఏర్పడవచ్చు.

తెలియజేసే పద్ధతి

మొదట, తలపెట్టిన మార్పుకు చట్టంలో అనుమతి ఉన్నదో లేదో రవాణా కార్యాలయంలో విచారించాలి. అనుమతి ఉన్న మార్పును చేయించిన 14 రోజులలోగా అక్కడ నివేదించి ఆర్.సి.లో నమోదు చేయించాలి. రెండవది, ఆ వివరాలను బీమా సంస్థకు లిఖితపూర్వకంగా తెలిపి, పాలసీపై ఎండార్సుమెంటు పొందాలి. ఏజెంటుతో నోటిమాటగా చెప్పి ఊరుకోరాదు. మూడవది, రసీదులను, కిట్టు ధృవపత్రాన్ని, ఉత్తరాల నకళ్ళను భద్రపరచాలి. నాల్గవది, పాలసీని పునరుద్ధరించే ప్రతిసారీ వివరాలను సరిచూసుకోవాలి. మార్పు చేసిన పాత కారును కొనేవారు కూడ ఈ జాగ్రత్తలన్నీ పాటించాలి.

చెప్పితే ప్రీమియం పెరుగుతుందనే భయం సహజమే. కాని ఆ పెరుగుదల ఏపాటిదో చూడాలి. 2002 నాటి మోటారు టారిఫ్‌లో గ్యాసు కిట్టు విలువపై నూటికి 4 వంతున అదనపు ప్రీమియం నిర్ణయించారు. ఆ లెక్కన 20,000 రూపాయల కిట్టుకు ఏటా 800 రూపాయలు. సొంత నష్టపు రేట్లను 2007 నుండి సంస్థలే నిర్ణయించుకుంటున్నవి గనుక, నేటి మొత్తాన్ని అడిగి తెలుసుకోవాలి.

సక్రమంగా తెలియజేసినా సంస్థ అన్యాయంగా పరిహారం నిరాకరిస్తే, మొదట ఆ సంస్థకే ఫిర్యాదు చేయాలి. నెల రోజులలో తగిన సమాధానం రాకపోతే బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఆ కార్యాలయం హైదరాబాదులోనూ ఉన్నది.

ఉన్నత విద్యకు బ్రిటన్ వెళ్ళే మన విద్యార్థులు అక్కడి విధానాన్ని కూడ గమనించాలి. అక్కడ ఇంజను మార్పులను గూర్చి బీమా సంస్థలే సామాన్యంగా ప్రశ్నిస్తాయి. 2012లో చేసిన చట్టం ప్రకారం, బుద్ధిపూర్వకంగా అబద్ధం చెప్పిన వారి పాలసీ రద్దు కావచ్చు. అజాగ్రత్త వల్ల పొరపాటు జరిగి, నిజం చెప్పి ఉంటే 1,000 పౌండ్లు చెల్లించవలసిన చోట 800 మాత్రమే చెల్లించినట్లయితే, పరిహారంలో నూటికి 80 వంతులు మాత్రమే లభిస్తుంది.

యంత్రాలపై ఆసక్తి విద్యార్థికి భూషణమే. ఆ ఆసక్తి నుండియే రేపటి ఇంజనీర్లు ఉదయిస్తారు. అయితే ఇంజనుపై రెంచి పెట్టడానికి ముందు ఇటు రవాణా కార్యాలయానికి, అటు బీమా సంస్థకు ఒక్కొక్క ఉత్తరం వ్రాయడం మరువరాదు. ఆ రెండు ఉత్తరాలు కారు యజమానితోపాటు, దారిన పోయే అపరిచితునికి కూడ రక్షణ కలిగిస్తాయి.