లెక్కకు రాని శ్రమ



మా నాయనమ్మ తెల్లవారుజామున లేచి, పొయ్యి రాజేసి, తోటపనికి పోవువారికి అన్నము కట్టి యిచ్చి, ఆవునకు గడ్డి కోసి, పగలెల్ల పసిబిడ్డలను సాకెడిది. తోట సర్దారు చిట్టాలో మా తాతగారి పేరుండెడిది. నాయనమ్మ పేరు లేదు. ఆమె కట్టి యిచ్చిన అన్నము లేకున్న తాతగారు ఎన్ని చెరకు గడలు నరకగలిగెడివారు?

ఒప్పంద కూలీల కాలమున మన ద్వీపములో అనుమతి లేక ఒకనాడు పని మానినవానికి రెండునాళ్ల కూలి కోసెడివారు. ఇంట బిడ్డకు జ్వరమన్న మాటకు ఆ చిట్టాలో గడి లేదు.

నేడు దేశమంతటికి అట్టి చిట్టా ఒకటి గలదు. దానిని స్థూల దేశీయోత్పత్తి యందురు. ఏడాదిలో దేశమున ఉత్పత్తియైన సరుకుల, సేవల విలువను కూర్చి చెప్పు లెక్క యిది. ఇట్టి లెక్కలకు ఐక్యరాజ్య సమితి 1953లో నియమములను ప్రకటించెను. నేటి నియమము ప్రకారము పెరటిలో పండిన వంకాయకు విలువ కట్టవలెను. దానిని కూర వండిన తల్లి శ్రమకు కట్టనక్కరలేదు. జీతమునకు వచ్చిన వంటమనిషి వండినచో ఆ జీతము లెక్కకెక్కును.

అమెరికాలో జాతీయాదాయమును లెక్కగట్టిన సైమన్ కుజ్నెట్స్ పండితుడే, దానినిబట్టి ప్రజల క్షేమమును నిర్ణయించుట కష్టమని 1934లో హెచ్చరించెను.

2020 జులై 25న వకాషియో నౌక మన ఆగ్నేయ తీరమున పగడపు దిబ్బ నెక్కిన సంగతి మీకు తెలిసినదే. ఆగస్టులో సుమారు 1,000 టన్నుల నూనె సముద్రము పాలయ్యెను. అప్పుడు జనులు తండోపతండములుగా మాయెబూర్ తీరమునకు వచ్చి, ఎండిన చెరకాకును వలలలోను బట్టలలోను కూరి, నూనెకు అడ్డుకట్టలు అల్లిరి. కొందరు తలవెండ్రుకలను సహితము ఇచ్చిరి. కూలి పుచ్చుకొనని ఆ శ్రమకు లెక్కలో విలువ లేదు. సొమ్ము తీసికొని నూనె తోడిన పని మాత్రము ఉత్పత్తిలో చేరును. మడ అడవులకు, చేపలకు కలిగిన నష్టమును ఆ మొత్తమునుండి తీసివేయరు.

ఈ లెక్క అక్కరలేదని మా భావము కాదు. పన్నులకును, ఉద్యోగములకును అది కావలసినదే. అయితే అందులో లేని శ్రమకు విలువయే లేదని తలచుట తగదు.

మన ఆలయమున పండుగ ముగియగానే చందాదారుల పేర్లు చదువుచున్నాము. తెల్లవార్లు కూరలు తరిగి, అన్నము వార్చిన అమ్మల పేర్లు చదువుట లేదు. వచ్చు ఉగాదినాడు ఆ పట్టికను కూడ వ్రాసి చదువుదము.