అరవై దాటాక సరిగమలు

“మీ ఇంట్లో పియానో వాయించేది ఎవరండీ, మీ మనుమరాలా?” అని కిందటి వారం పక్కింటావిడ మా ఆవిడను అడిగింది.

“కాదు, ఆ పిల్ల తాతగారు” అన్నది మా ఆవిడ.

పక్కింటావిడ నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. వరండాలో పేపరు చదువుకుంటున్న నాకు అంతా వినిపించింది. అయినా కోపం రాలేదు. ఏడాది క్రితం అయితే నేనూ అలాగే నవ్వేవాణ్ణి.

నాకు అరవై ఎనిమిదో ఏడు నడుస్తున్నది. జీవితమంతా ఆఫీసులో అంకెలు కూడుకుని, రిటైరై, విశాఖపట్నంలో స్థిరపడ్డాను. మా మనుమరాలు కాలేజీ చదువుకని వెళ్ళిపోతూ తన ఎలక్ట్రిక్ పియానోను మా హాల్లో వదిలిపెట్టింది. రోజూ దాని దుమ్ము దులపడం నా వంతు. దులుపుతూ దులుపుతూ ఒకనాడు ఒక మెట్టు నొక్కాను. బాగుందే అనుకుని ఇంకొకటి నొక్కాను. అంతే, ఆ సరదా నన్ను పట్టుకున్నది.

పియానో అంటే మనలో చాలామందికి సినిమాలో హీరో కూర్చుని పాట పాడే నల్లటి బల్లే గుర్తుకొస్తుంది. దాని కథ వినదగ్గది. ఇటలీలో ఫ్లారెన్సు నగరంలో మెడిచీ ప్రభువుల కొలువులో వాద్యాలు చేసే క్రిస్తోఫోరీ అనే ఆయన 1700 ప్రాంతంలో దీన్ని కనిపెట్టాడు. అంతకు ముందున్న హార్ప్సికార్డు అనే వాద్యంలో మెట్టు నొక్కితే తీగెను మీటేది. మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా ధ్వనిలో పెద్ద తేడా ఉండేది కాదు. ఈయన మీటడం మానిపించి చిన్న సుత్తులతో కొట్టించాడు. వేలి బరువును బట్టి ధ్వని మెత్తనా కావచ్చు, గట్టిదీ కావచ్చు. ఇటలీ భాషలో పియానో అంటే మెత్తన, ఫోర్టే అంటే గట్టి. పేరు అక్కణ్ణించే వచ్చింది. ఆయన చేతితో 1720 లో చేసిన పియానో ఒకటి ఇప్పటికీ న్యూయార్కు మ్యూజియంలో ఉన్నది.

నేటి పియానోకు మెట్లు 88. తెల్లవి 52, నల్లవి 36. అసలైన పియానోలో రెండు వందలకు పైగా ఉక్కు తీగెలుంటాయి. మా ఊరి సముద్రపు గాలికి కిటికీ ఊచలే తుప్పు పడతాయి, ఇక తీగెల మాట చెప్పాలా? ఎలక్ట్రిక్ పియానోకు ఆ బాధ లేదు. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుంటే ఇరుగుపొరుగు వారికీ బాధ లేదు.

మా వీధిలోనే ఉన్న ఒక కుర్రవాడు నాకు గురువు. వయస్సు ఇరవై నాలుగు. నేను అతన్ని “మాస్టారూ” అంటాను. అతను నన్ను “అంకుల్” అంటాడు. మొదటి రోజే వేళ్ళకు అంకెలు పెట్టాడు. ఏ చేతికైనా బొటనవేలు ఒకటి, చిటికెనవేలు అయిదు. మెట్లు ఎనిమిది, వేళ్ళు అయిదు. కనుక మూడో వేలు నొక్కగానే బొటనవేలు అరచేతి కిందుగా దూరి నాలుగో మెట్టు అందుకోవాలి. చెప్పడానికి ఎంతసేపు? నా బొటనవేలికి ఆ సంగతి అర్థం కావడానికి పదిహేను రోజులు పట్టింది. ఎడమచెయ్యి సంగతి అడగకండి. అరవై ఏళ్ళకు పైగా అది సంచీ మొయ్యడం తప్ప మరో విద్య ఎరగదు.

“చిన్నపిల్లలకు వేళ్ళు తొందరగా తిరుగుతాయి అంకుల్. పెద్దవాళ్ళకు పాట తొందరగా అర్థమవుతుంది. రోజూ ఇరవై నిమిషాలు చాలు. ఆదివారం మూడు గంటలు కూర్చోవద్దు” అన్నాడు గురువు. ఆ మాట నిజమని అనుభవం మీద తెలిసింది. రాత్రి ఎంత తిప్పలు పడ్డా రాని ముక్క, నిద్రపోయి లేచి వాయిస్తే దానంతట అదే వచ్చిన రోజులున్నాయి.

ఒకనాడు తెల్లమెట్లపై నిదానంగా పైకి పోతున్నాను. వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినిపించింది.

“ఏమండీ, నిషాదం తప్పింది. మీరు నొక్కింది కైశికి. శంకరాభరణానికి కాకలి నిషాదం కావాలి.”

చూసుకుంటే నిజమే. వేలు జారి నల్లమెట్టు మీద పడింది! నేను లేచి వంటింటి గుమ్మంలోకి వెళ్ళాను.

“నీకెలా తెలుసు?”

“పన్నెండేళ్ళు వీణ నేర్చుకున్నాను. మరిచిపోయారా?”

మరిచిపోయాను. నలభై నాలుగేళ్ళ నాటి మాట. అప్పుడు మాది ఒకటిన్నర గది ఇల్లు. పుట్టింటి నుంచి వీణ తెచ్చుకుంటానని ఆవిడ అడిగితే, “ఈ కొంపలో వీణకు చోటెక్కడిదే?” అన్నాను. కోపంగా కూడా కాదు, మామూలుగానే. ఆవిడ మళ్ళీ అడగలేదు. తరవాత మూడు గదుల ఇల్లు వచ్చింది, సొంత ఇల్లూ వచ్చింది. వీణ మాత్రం పుట్టింటి అటకమీదే చెదలు పట్టిపోయింది.

ఆ వీణ పొడుగు సుమారు నాలుగడుగులు. మా హాల్లో ఉన్న పియానో నాలుగున్నర అడుగులు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ఆవిణ్ణి బలవంతాన తీసుకువచ్చి పియానో ముందు కూర్చోబెట్టాను. కాసేపు మెట్లను చూసింది. మూడు నల్లమెట్ల గుంపులో మొదటిదాన్ని షడ్జమం చేసుకుని వరసగా నల్లమెట్లే నొక్కుతూ పోయింది. మోహన! అవే మెట్లు, పక్కదాన్ని షడ్జమం చేస్తే మధ్యమావతి, దాని పక్కదాన్ని చేస్తే హిందోళం. ఏడాదిగా నాకు తట్టని సంగతి ఆవిడకు అయిదు నిమిషాల్లో తట్టింది. ఆ తరవాత ఒక నొట్టుస్వరం వాయించింది. ముత్తుస్వామి దీక్షితులవారు పాశ్చాత్యుల బాణీలు విని, వాటికి సంస్కృతంలో సాహిత్యం కట్టిన చిన్న పాటలవి. పియానోకు అవి చక్కగా అమరుతాయి.

తరవాత వర్ణం ఎత్తుకుని, రెండు ఆవర్తాలు కాకముందే ఆపేసింది.

“గమకం పలకదండీ. వీణకయితే మెట్టు మీద తీగెను పక్కకు లాగుతాం, స్వరం మన వేలి వెంట వస్తుంది. ఇందులో కొట్టాక ఇక మన చేతిలో ఏమున్నది?” అన్నది. ఆ మాటంటూ కుడిచేతి వేళ్ళను చీర మీద తనకు తెలియకుండానే మీటుకుంటున్నది.

ఆ వారంలోనే ఇద్దరం బొబ్బిలి వెళ్ళాం. పనస మాను తొలిచి వీణలు చేసే ఊరది. కుండ, దండి ఒకే మానులో వచ్చే వీణను బేరమాడాం. నేను బేరమాడటం కాదు, ఆవిడ చెప్పిన ధరకు తల ఊపాను. వీణ ఇంటికి వచ్చిన రోజున ఆవిడ వేళ్ళు మొరాయించాయి. “అయ్యో, అంతా పోయిందండీ” అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నది. మా గురువు మాటనే నేను ఒప్పజెప్పాను: “రోజూ ఇరవై నిమిషాలు చాలు.” సరళీవరసల దగ్గర మళ్ళీ మొదలుపెట్టింది. నాలుగు నెలలకు వర్ణం తిరిగి చేతికి వచ్చింది.

చదువరులలో నా యీడువారికి ఒక మనవి. “ఈ వయస్సులో నాకెందుకు?” అని సందేహించకండి. మనం కచేరీ చెయ్యబోవడం లేదు. తప్పులు వాయిస్తే కొట్టే మాస్టారు లేడు. వేళ్ళు నొప్పెడితే ఆపండి, రెండు చేతులూ కలవకపోతే ఒక్కొక్క చెయ్యే వాయించండి. ఇంకొక మాట. మీరు నేర్చుకోబోయే ముందు, ఇంట్లో ఎవరి విద్య అయినా అటకెక్కిందేమో ఒకసారి కనుక్కోండి.

ఇప్పుడు సాయంకాలం దీపాలు పెట్టాక నేను పియానోపై శ్రుతి మెట్టు నొక్కి పట్టుకుంటాను. ఆవిడ బిరడాలు తిప్పి తీగెలు సరిచేసుకుంటుంది. ఆ కాస్త సేపూ నా వాయిద్యంలో ఒక్క తప్పూ ఉండదు.