రోగి చేయు దానము

వైద్యశాస్త్రమునకు తెలిసిన ప్రతి సత్యము వెనుకను ఒక రోగి నిలిచి యుండును. గ్రంథములలో వైద్యుని పేరు నిలుచును. మందు సీసాపై తయారు చేసినవారి పేరు నిలుచును. ఆ మందును మొట్టమొదట నాలుకపై వేసికొన్న మనిషి పేరు మాత్రము ఎక్కడను వినబడదు. పేరు లేని ఆ దాతలలో తెలుగువారును కలరు. వారిలో ముందు వరుసన తలచుకొనదగినవారు, నేడు పశ్చిమ ప్రకాశమని వాడుకలో పిలుచు మెట్టప్రాంతపు ప్రజలును, వారి ఇరుగుపొరుగు పల్లెలవారును.

నల్లమలకు తూర్పున మార్కాపురము, కంభము, గిద్దలూరు. వానికి దిగువన పొదిలి, దర్శి, కనిగిరి. బడిపిల్లల పలకకు పేరుగన్న నేల; వాన చాలని నేల. చెరువు ఎండిననాడు బావి, బావి ఎండిననాడు బోరు - ఇట్లు నీటికై లోతునకు పోయిన కొలదిని రాతిలోని ఫ్లోరైడ్ నీటిలో కరగి పైకి వచ్చును. ఆ నీరు కంటికి తేటగానే యుండును. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడ్ కల నీటిని ఏండ్ల తరబడి త్రాగినవారికి మొదట పండ్లపై గోధుమవన్నె చారలు పడును. తరువాత కీళ్లు పట్టును. కడపట కొందరికి వెన్నెముక బిగిసి, వంగుటయు లేచుటయు కష్టమగును.

ఈ వ్యాధికి మనదేశమున పేరు పెట్టినది 1937లో. షార్ట్, మక్రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ అను నలుగురు వైద్యులు ఆనాటి మద్రాసు రాజధానిలోని ఫ్లోరోసిస్‌ను గూర్చి భారత వైద్య పరిశోధన పత్రికయందు వ్యాసము ప్రకటించిరి. భారతదేశమున మనుష్యులలో ఈ వ్యాధిని వర్ణించిన తొలి రచనగా దానిని నేటికిని చెప్పుకొందురు. ఆ వ్యాసమునకు ఆధారమైనవారు నెల్లూరు జిల్లా పల్లెవాసులు. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములు ఆనాడు నెల్లూరు జిల్లాలోనివి. మార్కాపురము, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివి. 1970లో కొత్త జిల్లా ఏర్పడినపుడు ఇవన్నియు ఒక్క గొడుగు క్రిందికి వచ్చినవి.

ఆ పల్లెవాసులు తమ బిగిసిన వెన్నును చూపిరి, ఎక్స్‌రే తీయించుకొనిరి, అడిగిన ప్రశ్నలకు బదులు చెప్పిరి. లోకమునకు జ్ఞానము లభించినది. వారికి లభించినదేమి? వ్యాధికి పేరు తెలిసినంత మాత్రమున ఊరికి మంచినీరు రాలేదు. తరువాతి తరముల పిల్లల పండ్లపై కూడ అవే చారలు కనబడినవి. కృష్ణా జలములను నల్లమల క్రిందుగా సొరంగముల వెంట ఈ నేలకు తెచ్చుటకు సంకల్పించిన వెలిగొండ పథకమునకు శంకుస్థాపన జరిగినది 1996లో. ఆ వ్యాసమునకును ఆ శంకుస్థాపనకును నడుమ 59 ఏండ్లు. రోగి ఇచ్చినదానికిని, రోగికి తిరిగి వచ్చినదానికిని గల దూరమును కొలుచుటకు ఇంతకంటె వేరు కొలబద్ద అక్కరలేదు.

ఆ ప్రశ్న నేడు మరల ఎదుటికి వచ్చినది. పెద్ద ఆసుపత్రులలో ఎల్లప్పుడు ఏదో ఒక పరిశోధన జరుగుచునే యుండును. మధుమేహము, రక్తపోటు, క్యాన్సరు, మూత్రపిండముల వ్యాధి - ఒక్కొక్కదానికి కొత్త మందును, కొత్త పద్ధతిని పరీక్షించుటకు రోగులు కావలసి యుందురు. మార్కాపురము రోగి ఒంగోలుకో, గుంటూరుకో పోవును. గిద్దలూరు రోగి కొండ దాటి కర్నూలుకు పోవును. అక్కడను కుదరనిచో హైదరాబాదు చేరును. అక్కడ డాక్టరుగారు ఒకనాడు అడుగుదురు: “ఒక అధ్యయనము జరుగుచున్నది. మీరు పాల్గొందురా?” అని. ఎదుట నాలుగైదు పుటల కాగితము. క్రింద సంతకమునకు చోటు. వెలుపల బస్సుకు వేళ మించుచుండును.

ఆ క్షణమున రోగి మనస్సులో మెదలునది ఒక్కటే ఆశ - కొత్త మందు గనుక మంచి మందై యుండునని. ఇక్కడనే తొట్టతొలి పొరపాటు కలదు. చికిత్స వేరు, పరీక్ష వేరు. చికిత్సలో డాక్టరు తనకు తెలిసినదానిని రోగి మేలునకు వినియోగించును. పరీక్షలో తనకు తెలియనిదానిని రోగి మూలముగ తెలిసికొనును. కొత్త మందు పాతదానికంటె మేలని ముందే తెలిసియున్నచో పరీక్షయే అక్కరలేదు. పైగా అనేక పరీక్షలలో ఎవరికి కొత్త మందు, ఎవరికి పాతది అనునది చీటీ వేసినట్లు నిర్ణయమగును. డాక్టరు ఇష్టముతో పనిలేదు. కొన్ని యెడల ఒక వర్గమునకు మందువలె కనబడు ఉత్త మాత్రయే దక్కును. ఇది మోసము కాదు. ముందుగా చెప్పి చేసిన యెడల ఇది న్యాయమే. 1948లో ఇంగ్లండున స్ట్రెప్టోమైసిన్ పరీక్ష ఫలితములు వెలువడినవి. 107 మంది క్షయరోగులలో 55 మందికి మాత్రమే ఆ మందు ఇచ్చిరి. మందు కొరతగా నున్న కాలమది; ఎవరికీయవలెనో చీటీ తేల్చుటయే అన్నిటికంటె ధర్మమైన మార్గమైనది.

అట్టి పరీక్ష పేదవానికి ఎంత మేలు చేయగలదో తెలియుటకు మద్రాసు కథ చాలును. ఒకప్పుడు క్షయ వచ్చినదనిన మదనపల్లె దాపున ఆరోగ్యవరము వంటి శానటోరియములకు పోవలెను. గాలి, విశ్రాంతి, పౌష్టికాహారము - ఇవి లేనిదే క్షయ మానదని అందరి నమ్మకము. ఏండ్లకొలది మంచముపై పరుండుటకు కూలివానికి వీలెక్కడిది? 1956లో మద్రాసులో 193 మంది రోగులతో ఒక అధ్యయనము ఆరంభమైనది. కొందరు శానటోరియములో, కొందరు తమ ఇరుకు ఇండ్లలోనే - అందరికిని మందులు మాత్రము ఒక్కటే. ఇంటివద్ద నున్నవారికి తిండి తక్కువ, విశ్రాంతి తక్కువ. అయినను, 1959లో ప్రకటించిన ఫలితములలో రెండు వర్గములును ఇంచుమించు సమముగ కోలుకొన్నట్లు తేలినది. ఇంటిలోని తక్కినవారికి అధికముగ వ్యాధి సోకునను భయమును నిలువలేదు. పేదవాడు తన యింటనే క్షయనుండి బయటపడగలడని లోకమునకు చాటినవారు ఆ 193 మంది.

అదే దారిలో ముండ్లును కలవు. 2009లో ఆనాటి ఆంధ్రప్రదేశములోని ఖమ్మము జిల్లాలో పది మొదలు పదునాలుగేండ్ల బాలికలకు గర్భాశయ ముఖ క్యాన్సరు నివారణ టీకాను ఒక అధ్యయనములో భాగముగ వేసిరి. వారిలో అనేకులు గిరిజన బాలికలు, వసతి గృహములలో చదువుకొనువారు. కొందరు బాలికలు మరణించుటతో 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమము నిలిచిపోయినది. మరణములకు టీకా కారణము కాదని విచారణ సంఘము తలచినది. ఆ టీకా లోకమున అనేక దేశములలో వాడుకలో నున్నదే. తప్పు టీకాలో కాదు, సమ్మతి తీసికొన్న తీరులో కనబడినది. తల్లిదండ్రులకు మారుగా వసతిగృహపు వార్డెనులు పత్రములపై సంతకములు చేసిరి. పార్లమెంటు స్థాయీ సంఘము 2013 ఆగస్టులో ఇచ్చిన నివేదికలో దీనిని తీవ్రముగ ఖండించినది. 2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ల పేద స్త్రీలు డబ్బుకై హైదరాబాదున మందుల పరీక్షలకు పోయిరను వార్త మరియొక చేదు పాఠము. వ్యాధి కలవాడు ఆశకు లొంగును. వ్యాధి లేనివాడు ఆకలికి లొంగును. రెండింటను సంతకము చేయు చేయి స్వతంత్రమైనది కాదు.

సర్వోన్నత న్యాయస్థానమున 2012లో వేసిన ప్రజాహిత వ్యాజ్యమునకు తరువాత పట్టు బిగిసినది. 2019 మార్చిలో వెలువడిన కొత్త మందులు, క్లినికల్ పరీక్షల నియమములు రోగికి అండగ నిలుచుచున్నవి. సమ్మతి పత్రము రోగికి తెలిసిన భాషలో నుండవలెను. చదువురానివానికి చదివి వినిపించునపుడు, పరీక్షతో సంబంధము లేని సాక్షి ప్రక్కన నుండవలెను. సరికొత్త రసాయన ఔషధముల పరీక్షలో దుర్బల వర్గములవారు చేరునపుడు, వారికి చెప్పిన మాటలు, వారిచ్చిన సమ్మతి దృశ్య శ్రవణ రూపమున భద్రపరుపవలెను. పరీక్ష మూలమున హాని కలిగినచో ఉచిత వైద్యమును, నష్టపరిహారమును రోగికి హక్కు. ప్రతి పరీక్షను ముందుగ ఒక నైతిక సంఘము ఆమోదించవలెను. ఆ సంఘమున వైద్యులే కాదు, న్యాయము తెలిసినవారును, ఒక సామాన్య పౌరుడును ఉండవలెను. ఇవికాక, 2007లో నెలకొల్పిన భారత క్లినికల్ పరీక్షల రిజిస్ట్రీలో, ఏ పరీక్ష ఎచట జరుగుచున్నదో, ఎట్టి రోగులు కావలెనో, ఎవరిని అడుగవలెనో అందరును చూడవచ్చును. చదువుకొన్న కుమారుడో, మనుమరాలో ఇంట నున్నచో ఆ వివరమును వెదకి చూచుట కష్టము కాదు.

కావున పిలుపు వచ్చినపుడు రోగి భయపడి పారిపోవలసిన పని లేదు, మురిసి సంతకము చేయవలసిన పనియు లేదు. అడుగవలెను. ఇది చికిత్సయా, పరీక్షయా? నాకు కొత్త మందే దక్కునా, చీటీలో తేలునా? ఇంతవరకు ఎందరికి ఇచ్చిరి, వారికి ఏమైనది? ఎన్నిమార్లు రావలెను? మార్కాపురమునుండి వచ్చిపోవు చార్జీలు, పోయిన కూలి ఎవరు భరింతురు? హాని కలిగినచో నడిరాత్రి ఎవరికి చెప్పుకొనవలెను? నడుమ మానుకొన్నచో ఇదివరకటి వైద్యము ఆగునా? - ఆగరాదు, అది నియమము. పరీక్ష ముగిసిన పిదప మందు పనిచేసినచో నాకు దొరకునా? ఇన్ని ప్రశ్నలకు ఓపికతో బదులు చెప్పు డాక్టరు నమ్మదగినవాడు. కాగితమును ఇంటికి తీసికొనిపోయి నలుగురితో ఆలోచించి వచ్చెదనన్నచో విసుగుకొనువాని వద్ద సంతకము చేయకుండుటయే మేలు.

ఫలితమును ఎంతవరకు నమ్మవలెనో తెలియుటయు అవసరమే. దీనికి మన వంటింటి చింతపండే సాక్ష్యము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 2002లో ప్రకటించిన అధ్యయనములో ఆరోగ్యవంతులైన బాలురకు రోజునకు 10 గ్రాముల చింతపండు చొప్పున 18 దినములు ఇచ్చిరి. కడవరకు నిలిచినవారు 18 మంది. దినమునకు మూత్రములో వెడలు ఫ్లోరైడ్ సగటున 3.5 మిల్లీగ్రాముల నుండి 4.8 మిల్లీగ్రాములకు పెరిగినది. చింతపండు ఫ్లోరైడ్‌ను కొంత వెలుపలికి పంపునని దీనివలన తెలిసినది. బిగిసిన వెన్ను వంగునని తెలియలేదు. అట్లు ఆ శాస్త్రజ్ఞులు చెప్పనులేదు. రోజును పులుసు తినెడు పల్లెలలోనే ఫ్లోరోసిస్ ఉన్నదను మాటయు మరువరాదు. చిన్న పరీక్ష చిన్న సత్యమునే చెప్పును. దానిని పెద్ద ఆశగా అమ్మువారే ప్రమాదకారులు.

బిగిసిన ఎముకను మరల సడలించు మందు నేటికిని లేదు. మంచినీరే దీనికి మందు. కీళ్లనొప్పితోను, మూత్రపిండముల వ్యాధితోను బాధపడు పల్లెలలో ప్రతిదానికిని నీటినే కారణమనుటకును వీలులేదు, పరిశోధించి తేల్చవలెను. అందుచేత ఈ ప్రాంతమునకు పరిశోధనలు వద్దనుట తగదు. మనుష్యులు ముందుకు రానిదే రేపటి వైద్యము పుట్టదు. అయితే అది దానమని ఇరుపక్షములవారును ఎరిగి యుండవలెను. దానము చేయువానికి అడుగు హక్కు కలదు. పుచ్చుకొనువానికి లెక్క చెప్పు బాధ్యత కలదు. రక్తము తీసికొనిపోయిన ఊరికి ఫలితమును తెచ్చి, తెలుగున చదివి వినిపించుట ఆ లెక్కలో మొదటి పద్దు. 1937లో తమ వెన్ను చూపిన పల్లెలకు ఆ పద్దు ఎన్నడో చెల్లవలసినది. ఇకమీదట వేలిముద్ర వేయు ప్రతి రోగి విషయమునను, ముద్రతోపాటే ఆ బాకీయు కాగితముపై పడినట్లు భావించుట వైద్యలోకమునకు గౌరవము, రోగికి రక్ష.