కొండలోయలలో నీటివడి



ఖైరతాబాదునుండి హుస్సేన్ సాగరు ఒడ్డునకు పోయి నిలిచినవారికి, వేళ కుదిరినచో, సన్నని పొడవైన దోనెలు నీటిపై జారిపోవుచు కనబడును. ఒక్కొక్కదానిలో ఒక్కడే మనుష్యుడు కాళ్లు ముందునకు చాపి కూర్చుండి, రెండు కొనలయందును రెక్కలుగల తెడ్డును కుడియెడమల ముంచుచు పోవును. ఆ దోనెను కయాక్ అందురు. 1562లో తవ్వించిన ఈ చెరువులో నీరు నిలుకడగా నుండును గనుక అక్కడ అది వ్యాయామము మాత్రమే. అయితే అట్టి దోనెలోనే కూర్చుండి, కొండల నడుమ రాళ్లపై బడి దుముకు నదిని దాటువారు కలరు. అది ఎట్లు సాధ్యమగుచున్నది, అందు ప్రాణము లెట్లు నిలుచుచున్నవి, మన గోదావరి లోయలో అంతకంటె ఎన్నో రెట్లు పెద్ద పడవలేల మునిగినవి, అను సంగతులను నేడు మనవి చేసెదను.

ఈ దోనె ఉత్తరధ్రువ ప్రాంతపు ఇన్యూట్ జనులు కల్పించినది. వారు కొయ్యతోగాని ఎముకలతోగాని చట్రము కట్టి, దానిపై సీలు అను జలజంతువు చర్మమును బిగించి కుట్టుదురు. మనిషి కూర్చుండు రంధ్రము తప్ప పైభాగమంతయు కప్పబడియుండును. ఆ రంధ్రపు అంచునకు తన చర్మపు చొక్కాయిని బిగించి కట్టుకొనినచో దోనె తలక్రిందైనను లోనికి నీరు చొరదు. తలక్రిందై నీటిలో వ్రేలాడుచునే తెడ్డును ఒక్క ఊపు ఊపి, నడుమును ఒక్క మెలిక తిప్పి మరల పైకి లేచుట వారి విద్య. మంచునీటిలో పడినవాడు ఈదుకొని ఒడ్డు చేరుట కల్ల గనుక ఆ విద్య వారికి అవసరమాయెను. ఐరోపాలో 1927లో హాన్స్ పావ్లాటా అను ఆస్ట్రియా దేశీయుడు దానిని సాధించెను. ఇప్పుడు చర్మమునకు బదులు గట్టి ప్లాస్టిక్కును, చొక్కాయికి బదులు నడుమునకు బిగించు రబ్బరు గుడ్డయు వాడుచున్నారు. తలకు శిరస్త్రాణము, ఒంటికి తేలుడు చొక్కా తప్పనిసరి.

అమెరికా తూర్పుభాగమున అపలాచియన్ అను పర్వతపంక్తి కలదు. అందు పశ్చిమ వర్జీనియా రాష్ట్రమున గాలీ అను నది పారుచున్నది. (మన గాలికిని ఆ పేరునకును సంబంధము లేదు.) దానిపై సమ్మర్స్‌విల్ అనుచోట 1966లో ఆనకట్ట పూర్తి చేసిరి. చలికాలపు వరదకు జలాశయములో చోటు చేయుటకై ఏటేటా సెప్టెంబరు, అక్టోబరు నెలలలో నీటిని క్రిందికి విడుతురు. ఆ దినములలో దేశము నలుమూలలనుండి దోనెలవారు అచ్చట చేరుదురు. 1988లో ఆ లోయను జాతీయ విహారభూమిగా ఏర్పరచిరి. అందు నది 25 మైళ్లలో 668 అడుగులు దిగును, నూరునకు పైగా దుముకులు కలవు. అట్టి దుముకులను ఆరు తరగతులుగా విభజించి, ఆరవదానిని ప్రాణాంతకమని లెక్కింతురు. గాలీ నదిలోని పెద్ద దుముకులు అయిదవ తరగతివి.

ఇంత ఘోషించు నదిలో నీరెంత? ఆ దినములలో విడుచునది సుమారు 2,800 క్యూసెక్కులు. నాగార్జునసాగరు ఎడమకాలువ 11,000 క్యూసెక్కులు పారుటకు కట్టబడినది. అనగా మన కాలువలో నాలుగవ పాలు నీరే అక్కడ అంత భీకరమగుచున్నది! కాలువకు వాలు తక్కువ, అడ్డములేదు. గాలీకి మైలుకు ఇరువదియారడుగులకు మించిన వాలు, దారిపొడవున ఇంటియంత బండలు. నీటివడి రెండింతలైనచో అది త్రోయు బలము నాలుగింతలగును. మోకాలిలోతు వాగును దాటబోయి కొట్టుకొనిపోయినవారి సంగతి మీ గ్రామములలో వినియే యుందురు. లోతును చూచి వడిని చూడకపోవుటయే అక్కడి పొరపాటు.

ఇక దోనెవాడు చేయు పని యేమనిన, ముందుగా దిగి ఒడ్డువెంట నడచి దుముకును ఆసాంతము చూచుట. రెండు బండల నడుమ నునుపైన నీటినాలుక క్రిందివైపునకు మొనదేరి కనబడినచో అది దారి. మొన ఎగువవైపునకున్నచో అక్కడ నీటిక్రింద రాయి దాగియున్నదని గుర్తు. పెద్ద బండకు దిగువను నీరు వెనుకకు మరలి నెమ్మదిగా తిరుగుచుండును. అది దోనెవానికి దారిలోని సత్రము వంటిది. అందు చొచ్చి ఊపిరి తీసికొని తరువాతి దుముకును పరికించును. పడిపోయిన చెట్టు నీటిలో అడ్డముగానున్నచోటికి మాత్రము ఎంత నేర్పరియు పోడు. కొమ్మల నడుమ నీరు జల్లెడలోవలె జారిపోవును, మనుష్యుడు చిక్కుకొనును. చూచినది నచ్చనిచో దోనెను భుజమున వేసికొని ఒడ్డున నడచి పోవును. అట్లు నడచినవానిని తోడివారు పిరికివాడని ఎగతాళి చేయరు. ఆ వినోదమున నాకు మిక్కిలి నచ్చిన మర్యాద అదియే.

వారు అన్నిటికంటె ఎక్కువ భయపడునది ఘోషించు దుముకునకు గాదు, నదికి అడ్డముగా సమముగా కట్టిన పొట్టి గోడకు. దీనిని మీరు కొంచెము శ్రద్ధగా ఆలకింపవలెను. మన వాగులపై కట్టిన చెక్‌డ్యాములు అట్టివే. గోడమీదనుండి నీరు పలుచని పొరగా జారునపుడు చూచుటకు అందముగా నుండును, పిల్లలు అక్కడనే స్నానమునకు దిగుదురు. ఎక్కువ నీరు పొర్లునపుడు గోడమొదట పడిన నీరు అడుగునకు పోయి, కొంత దూరమున పైకి లేచి, పైభాగమున మరల గోడవైపునకే వచ్చును. అందు పడిన కొయ్యదుంగ గంటలకొలది తిరుగలిలోని గింజవలె అక్కడనే తిరుగుచుండును. మనుష్యుని గతియు అంతే. నురుగులో గాలి యెక్కువ గనుక శరీరము తేలదు, ఈత రాదు. సహజమైన దుముకులో బండల సందున ఎక్కడనో నీటికి దారియుండును. ఈ గోడకు ఆ చివరనుండి ఈ చివరవరకు దారి లేదు. పడినవానికై మరియొకడు దూకినచో ఇద్దరును పోవుదురు. ఒడ్డునుండి త్రాడు విసరుటయే మార్గము. పారునీటిలో కొట్టుకొనిపోవువాడు నిలువబడుటకు యత్నింపక, వెల్లకిల తేలి, కాళ్లను దిగువవైపునకు ఉంచుకొనవలెను. వడినీటిలో నిలువబోయినచో పాదము రాళ్ల సందున ఇరుకుకొని, వెనుకనుండి వచ్చు నీరు తలను క్రిందికి అణచును.

మన దేశములో ఇట్టి దుముకులు లేవా యనిన, గోదావరిలోనే కలవు. సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరము ఆనకట్టను 1852లో ముగించిన పిదప, మధ్యభారతపు ప్రత్తిని పడవలమీద సముద్రమునకు దింపవలెనని సంకల్పించిరి. దారిలో మూడుచోట్ల బండల అడ్డములు వచ్చెను. మొదటిది భద్రాచలమునకు ఎగువను దుమ్ముగూడెము, రెండవది ఇంద్రావతి కలియుచోటి ఇచ్చంపల్లి, మూడవది ఇంకను పైన దేవలమర్రి. హేగ్ అను ఇంజనీరు అడ్డములను తప్పించుకొని ప్రక్కగా కాలువలును లాకులును కట్టు పనికి పూనుకొనెను. మన్యపు జ్వరములును వ్యయమును పెరిగి, రైలుమార్గములు వచ్చి, 1871లో పని మానిరి. సరకు నింపిన పడవకు దుముకు శత్రువు. వినోదపు దోనెవానికి అదియే గమ్యము.

దుమ్ముగూడెము దిగి, భద్రాచలము గడచి, కూనవరమున శబరిని కలుపుకొని గోదావరి పాపికొండలలో ప్రవేశించును. రాజమహేంద్రవరము వద్ద మైలున్నరకు పైబడిన వెడల్పుగల నది అక్కడ కొన్నిచోట్ల 200 గజములకు కుదియును. అక్కడ వాలు స్వల్పము. తెల్లని నురుగుగాని, ఘోషగాని లేదు. అంత నీరు అంత ఇరుకున పట్టవలెననిన లోతుకు పోవలెను, లేదా వడి పెరుగవలెను. వరదలో రెండును జరుగును. అడుగున బండలకు కొట్టుకొనిన నీరు పైకి ఉబికి వచ్చును. ఒడ్డు వంపులవద్ద వెనుకకు మరలును. పారు నీరును మరలు నీరును రాచుకొనుచోట సుడులు లేచును. పైన చూచినచో నునుపుగా, నూనె పోసినట్లుండును. అట్టి చోటులలో నొకదానిని అక్కడివారు కచ్చులూరు మందము అందురు.

2019 సెప్టెంబరు 15వ తేదీన ఆ మందమువద్ద రాయల్ వశిష్ఠ అను విహారపు లాంచీ మునిగెను. నదిలో నాడు 5 లక్షల క్యూసెక్కులకు మించిన ప్రవాహము, అనగా గాలీ నదికి నూట ఎనుబది రెట్లు. లాంచీ వరదకు ఎదురెక్కుచుండెను. అందున్న డెబ్బదిమందికి పైబడిన జనములో 26 మంది మాత్రమే బ్రతికిరి. వారిని కాపాడినవారు నాటుపడవలు వేసికొని పరుగెత్తివచ్చిన ఆ యొడ్డు గిరిజన గ్రామస్థులు.

ఎదురెక్కు పడవకు మరలునీటినుండి పారునీటిలోనికి ముక్కు పెట్టు క్షణమే గండము. ముందుభాగమును వరద ఒకవైపునకు త్రోయును, వెనుకభాగము నిలిచిన నీటిలోనే యుండును. పడవ అడ్డము తిరుగును. అడ్డము తిరిగిన పడవ క్రిందినుండి నీరు లాగగా ఎగువవైపు అంచు నీటిలోనికి దిగును. కయాక్‌లోనివాడు దీనిని ఎరిగి, ఆ క్షణమున తన దోనెను దిగువవైపునకు వాల్చును. తప్పినను మరల లేచును. రెండంతస్తుల లాంచీ అట్లు వాలలేదు. గడ్డిబండిపైన మనుష్యులెక్కినట్లు జనము పై అంతస్తున నున్నచో బరువు మీదికి పోవును. భయముతో అందరును ఒకవైపునకు పరుగెత్తినచో ఒరుగుట తప్పదు. నిలిచిన నీటిలోను ఇది జరుగును. 1990 మార్చి 10వ తేదీన హుస్సేన్ సాగరులోనే బుద్ధవిగ్రహమును మోయుచున్న బల్లకట్టు ఒరిగి విగ్రహమును పలువురు పనివారును నీటిపాలైరి. విగ్రహమును పైకి దీసి 1992లో నిలిపిరి.

కావున లాంచీ యెక్కబోవువాడు రేవులో అడుగవలసినది భద్రాచలము మట్టము. ఎర్రమంజిల్‌లోని జలసౌధలో నీటిపారుదల శాఖవారు వరదకాలమున చూచుకొను అంకెలలో అదియొకటి. 43 అడుగులు మొదటి హెచ్చరిక, 48 రెండవది, 53 మూడవది. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకును, 2022 జులైలో 71.3 అడుగులకును చేరెను. అయితే పడవకు అపాయము మొదటి హెచ్చరికకు చాలముందే కలుగును. ఆ హెచ్చరికలు ఊళ్లు మునుగుటకు పెట్టినవి. తరువాత చూడవలసినది, తేలుడు చొక్కాలు మూలన పోగుపడియున్నవా, ఒంటిమీద ఉన్నవా యనునది. ఉక్కగా నున్నదని విప్పినచో అది ఉన్నను లేనట్లే.

మునిగిన లాంచీ 200 అడుగులకు పైబడిన లోతున ఉండెను. కాకినాడనుండి వచ్చిన పనివారు లంగరులును ఇనుపత్రాళ్లును వేసి లాగగా లాగగా అక్టోబరు 22న, ముప్పదియెనిమిదవ దినమున, ఒడ్డునకు వచ్చెను.

దిగువను పోలవరము జలాశయము 45.72 మీటర్ల నిండుమట్టమునకు తలపెట్టబడినది. వెనుకకు నిలుచు నీటిచేత లోయలో వడి తగ్గును, లోతు పెరుగును. పాత మందములు కొన్ని అణగును, కొన్ని చోటు మారును. వాటిని పేరుపేరున ఎరిగినవారు ఆ యొడ్డు పల్లెలలో పుట్టి పడవ నడిపినవారే. ఆ పల్లెలలో అనేకములు ఇప్పటికే ఖాళీయై జనులు పునరావాస కాలనీలకు తరలిరి. ఆ కాలనీలలో వృద్ధులైన పడవవారు ఎవరైన మీకు ఎదురుపడినచో, ఏ వంపువద్ద ఏ మాసమున నీరు ఎటు తిరుగునో వారిచేత చెప్పించి వ్రాసియుంచుడు.